అంతయ్య సరిచేసిన మడత

పద్మలత పోయిన రోజునే మాడ్యూల్ కూడా పోయింది.

ఉదయం రాజీవ్ రహదారి మీద ఒక సైనిక వాహనం టైరు పేలి ఆగింది. టైరు మార్చి మళ్లీ బయలుదేరే లోపలే అందులోని కోడ్ మాడ్యూల్ మాయమైంది. చూడటానికి అరచేతిలో ఇమిడే వస్తువు. సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న మనవాళ్లతో మాట్లాడే రేడియో తాళం అందులోనే ఉంది. దాన్ని విప్పగలిగిన వాడికి వాళ్లెవరో, ఏ ఊళ్లో ఏ పని చేస్తున్నట్టు నటిస్తున్నారో అంతా తెలిసిపోతుంది. ఆ తర్వాత వాళ్లెవరూ బతకరు.

మధ్యాహ్నం కరీంనగర్ బైపాస్ మీద ఒక టిప్పర్ స్కూటీని గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. స్కూటీ మీద ఉన్నది పద్మలత. పారిశ్రామికవాడలోని ఒక లేజర్ కటింగ్ షాపులో డ్రాయింగులు తయారుచేసే అమ్మాయిగానే లోకానికి ఆమె తెలుసు. ఆమె డిపార్ట్‌మెంట్ ఏజెంట్ అన్న సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు చీఫ్ జైపాల్‌రావు, రెండోవాడు ఆమెకు పని నేర్పిన విద్యాధర్.

ఆస్పత్రి వెనక గేటు పక్కన తెల్ల కారు ఆగి ఉంది. విద్యాధర్ లోపలికి వెళ్లి, చూడవలసింది చూసి, వచ్చి కారులో కూర్చున్నాడు.

"చూసినవా?" అన్నాడు జైపాల్‌రావు.

"చూసిన సార్."

"అయితే విను. టైం లేదు. మాడ్యూల్ల బీకన్ ఉంది. ఎత్తుకపోయిన కాడ్నుంచి అది ఆగకుండ పిలుస్తనే ఉంటది. కానీ మనకు వినపడుతలే. ఎక్కడనో ఇనుప బీరువాల పెట్టిన్రు. దాన్ని ఊరు దాటించాలంటే సిగ్నల్ బయటికి రానియ్యని డబ్బా కావాలె. గా డబ్బా ఆర్డరు పద్మలత షాపుకే వచ్చింది. పొద్దున ఫోన్ చేసి నాకు చెప్పింది. మధ్యాహ్నానికి..."

ఆయన ఆస్పత్రి గేటు వైపు చూశాడు.

"ఆర్డరు ఇచ్చిందెవరు సార్?"

"సరళాదేవి."

హైదరాబాద్ హోటళ్లలో నగల ఎగ్జిబిషన్లు పెట్టే సరళాదేవి. ఆమె అడుగుపెడితే హాలులో మాటలు ఆగిపోతాయని చెప్పుకుంటారు. ఆమె విదేశీ ముఠాకు కొరియర్. రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్‌కు ముఠా కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్ కూడా.

"ఆమె మన మనిషే కద సార్. డబ్బా ఎటు పోతదో ఆమెనే చెప్తది."

"పొద్దున్నే డబ్బా సంగతి ఆమెను అడిగిన. దారి తనకు ఆఖరి నిమిషం దాక చెప్పరని అంటుంది. ఒక్క మనిషి మీద నేను బరువంత వెయ్య. షాపుల కుర్సీ ఖాళీ అయింది. నువ్వు పోయి కూసో. నువ్వెవరో ఆమెకు కూడ తెల్వద్దు. గా డబ్బా డిజైన్ నీ చేతి మీదికెళ్లి పోవాలె. సిగ్నల్ కారేటట్టు గియ్యి. కండ్లకు కనపడొద్దు, మన రిసీవర్‌కు వినపడాలె."

జైపాల్‌రావు ఒక పరికరం అతని ఒళ్లో పెట్టాడు. పత్తిలో గుచ్చి తేమ చూసే మీటరు. ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో ప్రతి వ్యాపారి చేతిలోనూ కనిపించేదే. దీని లోపల మాత్రం బీకన్‌ను పట్టే రిసీవర్ ఉంది.

"తేమ ఎంత అని అడుగుత. ఎనిమిదంటే అంత మంచిగున్నట్టు. పన్నెండంటే చిక్కుల పడ్డట్టు."

"పద్మలత ఇంట్ల వాళ్లకు ఏం చెప్పాలె సార్?"

"రోడ్డు యాక్సిడెంట్. గీ పని ఒడిసేదాక వేరే మాట లేదు."

*

మర్నాడు ఉదయం విద్యాధర్ ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఆమె పొట్టి మనిషి. కుర్చీ బాగా దించి ఉంది, అతని మోకాళ్లు బల్లకు తగులుతున్నాయి. పక్కనే ఉన్న మరను తిప్పితే కుర్చీ లేస్తుంది. అతను తిప్పలేదు.

లేజర్ యంత్రానికి పంపే డ్రాయింగ్ మామూలు బొమ్మ కాదు. గీత ఉన్నచోటల్లా మంట నడుస్తుంది. ఒక గీత మీద పొరపాటున ఇంకో గీత పడి ఉంటే యంత్రం ఒకే దారిన రెండుసార్లు నడిచి అంచును మాడ్చేస్తుంది. గీతల చివరలు కలవకపోతే ముక్క రేకు నుంచి ఊడదు. కోయవలసిన గీతలు ఒక లేయర్లో, మడత చూపే గీతలు మరో లేయర్లో ఉండాలి. కలిసిపోతే, మడవవలసిన చోట తెగిపోతుంది. ఈ సంగతులన్నీ పద్మలతకు ఒకప్పుడు అతనే చెప్పాడు. ఆమె ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూశాడు. ఒక్క గీత కూడా వదులుగా లేదు.

పదింటికి సరళాదేవి వచ్చింది. పోచంపల్లి పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఇనుప రజను నిండిన ఆ షెడ్డులో కూడా వాడని అత్తరు వాసన. రేకు మడిచే బెండింగ్ మెషిన్ దగ్గరున్న అంతయ్య చేతులు ప్యాంటుకు తుడుచుకుని నిలబడ్డాడు.

"కొత్త డ్రాఫ్ట్స్‌మనా? ఆ అమ్మాయి ఏది?"

"యాక్సిడెంటయింది మేడం," అన్నాడు అంతయ్య. "నిన్ననే."

"అయ్యో, చిన్న పిల్ల కదా!"

ఆమె అద్దాలు తీసింది. కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. ముఠా నౌకరు చూస్తుండగా ఇంతకంటే బాధపడటానికి పాపం ఆమెకు వీల్లేదనుకున్నాడు విద్యాధర్. ఆ నౌకరు ఆమె డ్రైవరే. గుమ్మంలో నిలబడి అందరి చేతుల వైపు చూస్తున్నాడు.

"నగల పెట్టె. మూత సందు లేకుండ కూసోవాలె, దుమ్ము సుత పోవద్దు. వెల్డింగ్ వద్దు, రివెట్లు కొట్టున్రి. రేపు మధ్యాహ్నానికి వస్త."

ఆమె ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో పెట్టె మోడల్ ఉంది. విద్యాధర్ దాన్ని విప్పి బల్లపరుపు రేకుగా పరిచాడు. నాలుగు గోడలు. ప్రతి గోడకూ పైన లోపలికి ఒక మడత, దాని మీద మూత కూర్చుంటుంది. కింద ఇంకో మడత, దాని మీద అడుగు రేకు కూర్చుంటుంది. రేకును మడిచినప్పుడు అది కొద్దిగా సాగుతుంది కనుక, సాగేదాన్ని ముందే లెక్కగట్టి రేకును ఆ మేరకు పొట్టిగా కోయాలి. ఆ లెక్కలోనే అతను తన తప్పును దాచాడు. వెనక గోడ రేకును రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తగ్గించాడు. లోటంతా పై మడతలో పడేలా మడత గీతలు జరిపాడు. మూత వేస్తే వెనక అంచు పొడవునా సన్నటి సందు ఉంటుంది. మూత అంచు దాన్ని కప్పేస్తుంది కనుక కంటికి ఆనదు. రేడియో తరంగానికి సందు వెడల్పుతో పని లేదు, పొడవు ఉంటే చాలు.

ఫైలు యంత్రానికి పంపబోతుండగా తలుపు దగ్గర ఒక ముసలామె కనిపించింది. సిరిసిల్ల నుంచి బస్సెక్కి వచ్చింది. పద్మలత తల్లి కమలవ్వ.

"మా పిల్ల టిఫిన్ డబ్బా ఈడ్నే ఉన్నదన్నరు బిడ్డా," అంది. తర్వాత కుర్చీ వైపు చూసింది. "గిదేనా దాని జాగ?"

విద్యాధర్ లేచి నిలబడ్డాడు. "కూసో అవ్వా."

ఆమె కూర్చుంది. పాదాలు సరిగ్గా నేలకు ఆనాయి.

"ఇంటికొస్తే ఎప్పుడడిగినా గీతలు గీస్తున్న అంటుండె. గీతలు గీస్తే ఎవలన్న పైసలిస్తరానే అని నవ్వుతుంటిమి. మా ఆయన సాంచాల మీద బట్ట నేస్తడు గద, నీ గీతలు కట్టుకునేటందుకు వస్తయా అని ఎక్కిరిస్తుండె." ఆమె తెర వైపు చూసింది. "గిది అది గీసిందేనా?"

తెర మీద ఉన్నది అతను గీసిన తప్పు.

"అవునవ్వా," అన్నాడు విద్యాధర్.

"మంచిగ గీసిందా?"

"మస్తు మంచిగ గీస్తుండె."

"రోడ్డు మీద ఎన్నడు జోరుగ పోయేది గాదు బిడ్డా. గదే నాకు అర్థమైతలే. గా లారోడు ఎందుకు గుద్దిండు?"

అతని దగ్గర జవాబు ఉంది. డబ్బా వెతికి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. బస్టాండు దాకా వెళ్లే ఆటో మాట్లాడి, ఎక్కించి వచ్చాడు. తిరిగి వచ్చి ఫైలు యంత్రానికి పంపాడు.

*

మర్నాడు రేకు ముక్కలు బెండింగ్ దగ్గరికి వెళ్లిన సమయానికే జైపాల్‌రావు ఫోన్ వచ్చింది. విద్యాధర్ షెడ్డు బయటికి నడిచాడు.

"తేమ ఎంత?"

"ఎనిమిది సార్. డబ్బా బయటికెళ్లినంక మీకు వినపడుతది."

ఆ తర్వాత షాపు షేటు ఆఫీసులో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాడు. తిరిగి వచ్చేసరికి పెట్టె రివెట్లతో సహా తయారై ఇనుప బల్ల మీద ఉంది. సరళాదేవి అప్పుడే వచ్చింది. డ్రైవరు మాటామంతీ లేకుండా తన సెల్‌ఫోను పెట్టెలో పెట్టి, మూత బిగించి, ఇంకో ఫోనుతో దానికి రింగ్ కొట్టాడు.

ఈ పరీక్ష ఉంటుందని విద్యాధర్ ఊహించలేదు. సందులోంచి సిగ్నల్ పోతే లోపల ఫోను మోగుతుంది. మోగితే డ్రైవరు చొక్కా కింద ఉన్నది బయటికొస్తుంది. స్పీకరులోంచి ఆడగొంతు నింపాదిగా పలికింది, మీరు పిలిచిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదని.

డ్రైవరు మళ్లీ కొట్టాడు. అదే గొంతు.

"శభాష్," అంది సరళాదేవి అంతయ్య వైపు చూసి. "చేయి మంచిది నీది."

అంతయ్య సిగ్గుపడ్డాడు. విద్యాధర్ మాత్రం మూత వెనక అంచు వైపు చూశాడు. ప్రాణం దక్కింది. కానీ పెట్టె నిండుగా మూసుకుంది. తన లెక్క ఎక్కడ తప్పిందో అంతుపట్టలేదు. శత్రువుకు కావలసిన పెట్టెను తన చేతులతోనే, పద్మలత కుర్చీలో కూర్చుని తయారుచేసి ఇచ్చాడు.

*

"పత్తి లారీల పెట్టిన్రట," అన్నాడు జైపాల్‌రావు మరుసటి ఉదయం ఫోన్లో. "సరళాదేవి ఇప్పుడే చెప్పింది. నంబరు తనకు తెల్వదట. ఆదిలాబాద్ కెళ్లి మహారాష్ట్ర దిక్కు పొయ్యే లారీలన్ని పెన్‌గంగ వంతెన మీదికెళ్లే పోవాలె. అవతల ఒడ్డుకు చేరినంక మన చేతుల ఏం ఉండది."

"అన్ని దింపి చూస్తే?"

"వందల లారీలు. ఒక్కటి దింపుతుంటే ఎనకున్నోడు డబ్బాను నదిల ఇసిరి అవతల ఏరుకుంటడు. బీకన్ వింటెనే పట్టుకోవాలె. నీ డిజైన్ మీద నమ్మకంతోని కూసున్న."

పెట్టె నిండుగా మూసుకుందని చెప్పకుండానే విద్యాధర్ వంతెనకు బయలుదేరాడు.

వంతెనకు ఇవతల, రోడ్డు పక్కన టెంటు వేశారు. తేమ తనిఖీ అని గుడ్డ బ్యానరు కట్టారు. వంతెన మీద అక్కడక్కడ డిపార్ట్‌మెంట్ మనుషులు రైతుల వేషంలో నిలబడ్డారు. విద్యాధర్ చెవిలో పెన్ను, మెడలో తువ్వాలతో పత్తి కొనుగోలు గుమాస్తా అయ్యాడు. ఒక్కో లారీ ఆపి, వెనక చెక్క తలుపు దించి, పత్తిలో చేయి దూర్చి మీటరు గుచ్చాడు. మీటరు పలకలేదు.

"కాయ్ ఝాలా, ఏమైంది సాహెబ్? యార్డుల చూసిన్రు, మళ్ల ఈడ చూస్తరా?" అని ఒక మరాఠీ డ్రైవరు మండిపడ్డాడు. "పత్తి పెండ్లిపిల్ల అయిందా, ఇంతమంది చూస్తున్రు?"

అందరూ నవ్వారు. విద్యాధర్ మీటరు ఇంకో చోట గుచ్చాడు. నిశ్శబ్దమే. ఒక లారీ, దాని వెనక ఇంకో లారీ వంతెన ఎక్కి వెళ్లిపోతున్నాయి. వెళ్లే ప్రతి లారీతోపాటు అవతలి దేశంలో ఎవరో ఒకరు పేరు పోగొట్టుకుంటున్నట్టు అనిపించింది అతనికి. పద్మలత గీసి ఉంటే తప్పును కూడా సరిగ్గా గీసేది అనుకున్నాడు.

ఇక ఊహించి లాభం లేదనుకుని అంతయ్యకు ఫోన్ చేశాడు.

"అంతయ్యా, గా నగల పెట్టె. మడిచేటప్పుడు ఏమన్న చేసినవా?"

అవతల బెండింగ్ మెషిన్ చప్పుడు ఆగింది.

"తిట్టకు సారూ. ఎనుక గోడకు పై మడత తక్కువ గీసినవ్. మూత కూసోది. పిల్ల పోయిన జాగల కూసున్నవ్, మనసు మంచిగ లేక తప్పు పడ్డదనుకున్న. నీకు జెప్తే పరేషాన్ అయితవ్, షేటుకు జెప్తే నౌకరి పోతది. గందుకే గీతలు జర కిందికి జరిపి మడిచిన. మాకు అలవాటే. డ్రాయింగుల తప్పుంటే బెండింగ్ కాడ్నే సదురుతం, ఆఫీసు దాక పోనియ్యం."

"కిందికి జరిపినవా? రేకు తక్కువుంది కద అంతయ్యా. పైన సరిపోతే మరి లోటు యాడికి పోయింది?"

"యాడికి పోతది, కిందికే పోయింది. అడుగు రేకు కూసునే మడత ఎనుక దిక్కు జర సన్నగయింది. సందున్నది. కానీ కింద ఎవలు సూస్తరు సారూ? బల్ల మీద పెడితే కానే రాదు."

విద్యాధర్ ఫోను పెట్టేసి లెక్క మళ్లీ వేసుకున్నాడు.

సందు ఉంది. మూత కింద ఉండవలసింది అడుగుకు వెళ్లింది. ఇనుప బల్ల మీద కూర్చోబెట్టారు కనుక బల్లే దాన్ని మూసింది, అందుకే ఫోను మోగలేదు. అంతయ్య జాలిపడి ఉండకపోతే ఆ షెడ్డులోనే తన కథ ముగిసేది.

అంటే కింద ఇనుము ఉన్నంతసేపే పెట్టె మూగది. విద్యాధర్ ఎదురుగా ఆగిన లారీలోకి చూశాడు. పత్తి కింద చెక్క పలకలు. వెనక లారీలోనూ చెక్క పలకలే. పొద్దుటి నుంచి చూసిన ప్రతి లారీకీ అడుగు చెక్కదే. వీటిలో దేని మీద పెట్టినా పెట్టె అరిచి ఉండేది. అది లారీలో లేదు. ఏ కారులోనో ఇనుప అడుగు మీద కూర్చుని ఉంది. లారీలో ఉందని చెప్పింది ఒక్క సరళాదేవి.

పద్మలత పేరు ముఠాకు ఎవరు చెప్పారన్న ప్రశ్నకు కూడా అప్పుడే జవాబు దొరికింది. డబ్బా సంగతి జైపాల్‌రావు అడిగిన క్షణమే, అది షాపులో ఎవరి నోట వచ్చిందో సరళాదేవి పోల్చుకుని ఉంటుంది. ఆ జవాబును అతను కాసేపు పక్కన పెట్టాడు.

వరుసలో నాలుగు బండ్ల వెనక, సరళాదేవి షెడ్డుకు వచ్చిన నల్ల కారు కనిపించింది.

ఫోన్ మోగింది. "తేమ ఎంత?"

"పన్నెండు సార్. సరళాదేవి కారు ఆపుతున్న."

"పాగలైనవా? ముఠా చూస్తుంటది. మనం ఆమె మీద చెయ్యేస్తే రెండేండ్ల కష్టం మట్టిల కలుస్తది. ఆపకు. ఇది ఆర్డర్."

విద్యాధర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంకా టెంటు పక్కనే ఆగి ఉన్న మరాఠీ డ్రైవరు లారీ వైపు తిరిగి, "భాయ్, వంతెన నడుమ దాక పోయి అడ్డం పెట్టి ఇంజన్ బంద్ చెయ్యి. తేమ ఎక్కువుంది," అన్నాడు. డ్రైవరు అతని ముఖం చూసి, ఈసారి జోకు వేయకుండా ఇంజన్ స్టార్ట్ చేశాడు.

నల్ల కారు టెంటు దగ్గరికి వచ్చి ఆగింది. వెనక అద్దం దిగింది.

"డ్రాఫ్ట్స్‌మన్ గారూ! పత్తి బేరం ఎప్పుడు మొదలువెట్టిన్రు?"

"జీతం చాలుతలేదు మేడం."

ఆమె నవ్వి, డ్రైవరుకు వినపడనట్టు మెల్లగా అంది. "అంటే మీరూ జైపాల్‌రావు గారి మనిషే. నాకు ముందే చెప్తే అయిపోతుండె. దొరికిందా?"

"దొరకలే."

"చూస్తనే ఉండున్రి. నేను అవతల ఒడ్డుకు పోయి వాళ్ల మనుషులెవరన్న ఉన్నరేమో చూస్త." గొంతు ఇంకా తగ్గించింది. "ఆ పిల్ల కోసమన్న పట్టుకోవాలె మనం."

ఆ మాట ఆమె అనకపోయి ఉంటే అతని చేయి ఒక్క క్షణమైనా తటపటాయించేదేమో. వెనక తలుపు లాగి తెరిచాడు. ఆమె కాళ్ల కింద ముందు సీటు అడుగుకు చేయి చాచాడు. వేళ్లకు రివెట్లు తగిలాయి. పెట్టె అంచు పట్టి ఒక వేలు ఎత్తున లేపాడు.

మెడలో వేలాడుతున్న మీటరు కెవ్వుమంది.

"పోనియ్యి!" అని డ్రైవరు మీద అరిచింది సరళాదేవి.

కారు దూకింది. విద్యాధర్ పెట్టెను వదల్లేదు. సగం లోపల, సగం బయట, బూట్లు తారు మీద రాసుకుంటూ వంతెన మీదికి ఈడ్చుకుపోయాడు. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు పట్టి, రెండో చేత్తో తుపాకీ వెనక్కి తిప్పాడు. గుండు అతని భుజం పక్కనుంచి తలుపులోకి దిగింది. సరళాదేవి మడమతో అతని మణికట్టు మీద తొక్కింది. పెట్టె ఊడి అతని గుండెల మీదికి వచ్చింది. అతనూ ఆ పెట్టే కలిసి రోడ్డు మీద దొర్లారు. పెట్టె తలకిందులుగా పడింది. అడుగు ఆకాశం వైపు ఉంది. మీటరు ఆగకుండా అరుస్తూనే ఉంది.

ముందు వంతెన నడుమ పత్తి లారీ అడ్డంగా ఆగి ఉంది. కారు బ్రేకులు కీచుమన్నాయి. రైతుల తువ్వాళ్లు చుట్టుకున్న డిపార్ట్‌మెంట్ మనుషులు రెండు వైపుల నుంచీ పరుగెత్తారు. డ్రైవరు తుపాకీ నదిలో పడింది, డ్రైవరు పడబోయి ఆగాడు.

సరళాదేవి తనే దిగి వచ్చింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"ఎట్ల తెలిసింది?"

"లారీల అడుగు చెక్కది మేడం."

ఆమెకు అది అర్థం కాలేదు.

"పద్మలత పేరు వాళ్లకు చెప్పింది మీరేనా?" అని అడిగాడు విద్యాధర్.

ఆమె నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, జీపు వైపు నడిచింది.

*

మాడ్యూల్ సాయంత్రానికి చేరవలసిన చోటికి చేరింది. దాని సీలు చెక్కుచెదరలేదు. అవతలి దేశంలో ఆ రాత్రి ఎవరి తలుపూ ఎవరూ కొట్టలేదు. ఆర్డరు మీరినందుకు విద్యాధర్‌కు ఒక మెమో, పని పూర్తి చేసినందుకు ఒక మెచ్చుకోలు, రెండూ ఒకే కవరులో వచ్చాయి.

అంతయ్య ఫోన్ చేశాడు.

"సారూ, పనికి వస్తలేవేంది? గా పెట్టె పార్టీ ఏమన్న కంప్లైంట్ జేసిన్రా?"

"లేదు అంతయ్యా. మంచిగున్నదన్నరు."

"మరేం ఫికర్ జెయ్యకు. మళ్ల రా, మడత లెక్క నేను నేర్పుత."

విద్యాధర్ జైపాల్‌రావు గదికి వెళ్లి ఒకే ఒక్క మాట అడిగాడు, కమలవ్వకు నిజం చెప్పవచ్చా అని. సరళాదేవి కేసు విచారణ ముగిసేదాకా పద్మలత ఎవరన్నది ఎక్కడా బయటికి రాకూడదని పైనుంచి ఆదేశం ఉందని జైపాల్‌రావు చెప్పాడు. అది ఎప్పటికి ముగుస్తుందో ఆయనకూ తెలియదు. రికార్డులో అది రోడ్డు ప్రమాదమే.

ఆ లారీవాడు ఎందుకు గుద్దాడని కమలవ్వ అడిగిన దానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.